ఇంధన పొదుపు పరిశోధన: కనిపెట్టేది ఎవరు, కొనేది ఎవరు

క్లుప్తంగా

ఇంధన పొదుపు పరిశోధనకు ప్రభుత్వాలు అండగా నిలిచే తీరు ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంది. అమెరికా జాతీయ ప్రయోగశాలలను నమ్ముకుంది. జపాన్ పరిశ్రమలతో కలిసి ప్రాజెక్టులు నడిపి, వాటికి కఠినమైన ప్రమాణాలను జోడించింది. యూరప్ పలు దేశాల బృందాలకు నిధులిస్తోంది. చైనా ముందు లక్ష్యం పెట్టి, తర్వాత దారి వెతుకుతోంది. భారత్ బలం కొనుగోలులో, రేటింగులో ఉంది. అందుకే ప్రపంచమంతా వాడే వస్తువు మనకు చౌకగా దొరుకుతోంది, మనకు మాత్రమే ఉన్న సమస్య మాత్రం ఏ ప్రయోగశాల గుమ్మమూ ఎక్కడం లేదు.

ప్రచారం వేరు, పథకం వేరు, పరిశోధన వేరు

ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పరిరక్షణ దినోత్సవం. ఆ వారంలో విజయవాడ, గుంటూరు నగరాల్లో విద్యార్థుల ర్యాలీలు, వ్యాసరచన పోటీలు, అవసరం లేని లైట్లు ఆర్పమని చెప్పే బ్యానర్లు మామూలే. 2025లో ఈ అంశంపై మరికొన్ని వార్తలు వచ్చాయి. ఏసీల ఉష్ణోగ్రతను 20 నుంచి 28 డిగ్రీల మధ్యకు పరిమితం చేసే ఆలోచనను జూన్‌లో కేంద్రం బయటపెట్టింది. జూలైలో చిన్న పరిశ్రమలు పాత యంత్రాలు మార్చుకునేందుకు వడ్డీ రాయితీ పథకం మొదలైంది. నవంబరులో లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి నిధి ఆరంభమైంది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం తన ఇంధన సామర్థ్య పరిశోధన బడ్జెట్‌లో భారీ కోతలు ప్రతిపాదించింది.

వీటన్నింటినీ ‘ఇంధన పొదుపునకు ప్రభుత్వ సాయం’ అనే ఒకే గాటన కట్టడం వల్లే పాఠకులకు తికమక. ప్రచారం మనిషి అలవాటును మార్చాలని చూస్తుంది. పథకం ఇప్పటికే మార్కెట్లో ఉన్న మంచి పరికరాన్ని ఇంటికి, మిల్లుకు చేరుస్తుంది. పరిశోధన పని ఇంకా లేని పరికరాన్ని, లేదా ఉన్న పరికరాన్ని సరిగా కొలిచే పద్ధతిని తయారుచేయడం. మొదటిదానికి ఖర్చు తక్కువ, ఫోటోలు ఎక్కువ. రెండోదానికి ఫలితం ఏడాది రెండేళ్లలో కనబడుతుంది. మూడోదానికి పదేళ్లు పట్టవచ్చు, అసలు ఫలితమే రాకపోనూవచ్చు. ప్రభుత్వం ప్రకటించే మొత్తంలో ఈ మూడింటిలో దేని వాటా ఎంతో విడదీసి చూస్తే తప్ప దేశాల మధ్య పోలికకు అర్థం ఉండదు.

భారత్‌లో ఈ విషయాలు చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ). 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద 2002 మార్చిలో ఇది ఏర్పడింది. పరిశోధనను ప్రోత్సహించడం కూడా చట్టం దానికి అప్పగించిన పనుల్లో ఒకటి. అయితే జనానికి తెలిసిన బీఈఈ అంటే ఫ్రిజ్ మీది నక్షత్రాలు, భవనాల నియమావళి, పరిశ్రమలకు పెట్టే లక్ష్యాలు. చట్టంలో ఉన్న మాటకూ, ఆచరణలో పడిన బరువుకూ మధ్య తేడా ఇక్కడే మొదలవుతుంది.

మార్కెట్ తనంతట తాను ఎందుకు ముందుకు రాదు

కరెంటు బిల్లు తగ్గితే అందరికీ లాభమే కదా, మరి కంపెనీలే పరిశోధన చేసుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. అడ్డంకి లాభాన్ని ఎవరు పొందుతారన్న దగ్గర ఉంది. అద్దె ఇంట్లో ఫ్యాను ఇంటి యజమాని కొంటాడు, బిల్లు అద్దెకున్నవారు కడతారు. అపార్ట్‌మెంట్ గోడకు వేడిని ఆపే పొర వేయాలా వద్దా అన్నది బిల్డరు నిర్ణయం, ఏసీ ఖర్చు మాత్రం ఫ్లాటు కొన్నవారిది. ఒక్కో ఇంట్లో ఆదా అయ్యేది నెలకు కొద్ది యూనిట్లే కాబట్టి ఎవరూ పట్టుబట్టి అడగరు. కష్టపడి ఒక కంపెనీ మెరుగైన కంప్రెసర్ తయారుచేస్తే, పోటీదారులు త్వరగానే ఆ దారి పడతారు. ఇన్ని చోట్ల కారిపోయే లాభం మీద ప్రైవేటు పెట్టుబడి పెద్దగా రాదు.

రాజకీయంగానూ దీనికి ఆకర్షణ తక్కువ. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రానికి కొన్నేళ్ల కిందట 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్ తోడైంది. దాని చిమ్నీ మైళ్ల దూరానికి కనబడుతుంది, దానికి ప్రారంభోత్సవం ఉంటుంది. రాష్ట్రమంతటా ఫ్యాన్లు, మోటార్లు మెరుగుపడి అంతే విద్యుత్తు మిగిలితే ఎక్కడా శిలాఫలకం వేయడానికి చోటు ఉండదు. ధనిక దేశాలూ ఇందుకు మినహాయింపు కాదు. 1974లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఏర్పడిన నాటికి దాని సభ్యదేశాల ప్రభుత్వ ఇంధన పరిశోధన ఖర్చులో దాదాపు మూడొంతులు అణుశక్తికే వెళ్లేది. పొదుపు పరిశోధనకు చెప్పుకోదగిన వాటా రావడానికి దశాబ్దాలు పట్టింది.

అమెరికా: ప్రయోగశాలలు గట్టివి, బడ్జెట్లు కావు

1973 చమురు సంక్షోభం అమెరికాలో ఈ రంగానికి పునాది వేసింది. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలలో కణ భౌతికశాస్త్రం చేస్తున్న ఆర్థర్ రోసెన్‌ఫెల్డ్ ఆ సంక్షోభం తర్వాత భవనాల్లో వృథా అవుతున్న విద్యుత్తు వైపు మళ్లారు. 1977లో ఇంధన శాఖ ఏర్పడ్డాక ఇలాంటి బృందాలకు స్థిరమైన ఆసరా దొరికింది. ట్యూబులైట్లకు ఎలక్ట్రానిక్ చోక్, వేడిని వెనక్కి కొట్టే పూత పూసిన కిటికీ అద్దం, భవనం కట్టక ముందే దాని కరెంటు ఖర్చును లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ అక్కడ రూపుదిద్దుకున్నాయి. పెద్ద బల్బు కంపెనీలు మొదట్లో ఎలక్ట్రానిక్ చోక్‌ను పట్టించుకోలేదు. ప్రభుత్వ ప్రయోగశాల చిన్న సంస్థలకు కాంట్రాక్టులిచ్చి దాన్ని తయారు చేయించింది.

ఈ ఖర్చు గిట్టుబాటు అయిందా? 2001లో అమెరికా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ 1978 నుంచి 2000 వరకు జరిగిన ఇంధన శాఖ పరిశోధనలను పరిశీలించింది. ఇంధన సామర్థ్యం మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చు సుమారు 700 కోట్ల డాలర్లు, ఆర్థిక ప్రయోజనం సుమారు 3,000 కోట్ల డాలర్లు అని తేల్చింది. ఇందులో అసలు విశేషం మొత్తం కాదు, దాని పంపకం. ప్రయోజనంలో దాదాపు నాలుగింట మూడు వంతులు భవనాలకు సంబంధించిన మూడు చిన్న కార్యక్రమాల నుంచే వచ్చింది: పూత అద్దం, ఎలక్ట్రానిక్ చోక్, మెరుగైన ఫ్రిజ్ కంప్రెసర్. మిగతా అనేక ప్రాజెక్టులు పెద్దగా ఫలించలేదు. ఏ విత్తనం మొలుస్తుందో ముందే తెలియని సేద్యమిది. ఆడిట్ కళ్లతో చూస్తే ఆ మిగతావన్నీ వృథా ఖర్చులే. కానీ అవి లేకుండా ఆ మూడింటిని మాత్రమే ముందుగా ఏరుకునే పద్ధతి ఎవరి దగ్గరా లేదు.

ఫ్రిజ్‌ల చరిత్రలో మరో కోణం ఉంది. 1970ల మధ్యలో సగటు అమెరికన్ ఫ్రిజ్ ఏడాదికి సుమారు 1,800 యూనిట్లు తాగేది. కాలిఫోర్నియా ప్రమాణాలు, తర్వాత 1987 నాటి సమాఖ్య చట్టం, 1990, 1993, 2001ల్లో దశలవారీగా బిగించిన పరిమితులు కలిసి దాన్ని 500 యూనిట్ల దరిదాపులకు తెచ్చాయి. అదే కాలంలో ఫ్రిజ్ పరిమాణం పెరిగింది. పరిశోధన ఒక కంప్రెసర్ సాధ్యమేనని చూపింది, ప్రమాణం దాన్ని తప్పనిసరి చేసింది. ఒకటి లేకుండా రెండోది ఇంత దూరం వచ్చేది కాదు.

అమెరికా పద్ధతికి ఉన్న బలహీనత నిలకడ లేకపోవడం. 1980ల్లో రీగన్ ప్రభుత్వం పొదుపు పరిశోధన నిధులను బాగా కోసింది. 2009లో ఆర్థిక మాంద్యం నుంచి బయటపడే ప్యాకేజీలో భాగంగా, సాహస ప్రాజెక్టుల కోసం ఏర్పడిన ఆర్పా-ఈ సంస్థకు 40 కోట్ల డాలర్లు దక్కాయి. 2026 ఆర్థిక సంవత్సరానికి పంపిన బడ్జెట్ ప్రతిపాదనలో ఇంధన సామర్థ్య, పునరుత్పాదక ఇంధన విభాగానికి 70 శాతానికి పైగా కోత పెట్టాలన్నారు. ప్రతిపాదన వేరు, కాంగ్రెస్ ఆమోదించేది వేరు. అయినా పదేళ్ల ప్రాజెక్టులో చేరబోయే యువ పరిశోధకుడిని వెనక్కి తిప్పడానికి ప్రతిపాదన చాలు.

పెద్ద కంపెనీలకు నేరుగా డబ్బిచ్చినా పని జరుగుతుందన్న హామీ లేదు. 1993లో క్లింటన్ ప్రభుత్వం మూడు అమెరికన్ కార్ల కంపెనీలతో కలిసి, గ్యాలనుకు 80 మైళ్లు నడిచే కుటుంబ కారు కోసం భాగస్వామ్యం మొదలుపెట్టింది. నమూనా కార్లు వచ్చాయి, షోరూముకు ఏదీ చేరలేదు. ఆ బృందంలో చోటు లేని టొయోటా 1997లో ప్రియస్ హైబ్రిడ్‌ను జపాన్ మార్కెట్లోకి దించింది.

జపాన్: ముందున్నవాడే కొలబద్ద

చమురు దాదాపు మొత్తం దిగుమతి చేసుకునే జపాన్‌కు 1973 దెబ్బ గట్టిగా తగిలింది. 1974లో కొత్త ఇంధనాల కోసం సన్‌షైన్ ప్రాజెక్టు, 1978లో ప్రత్యేకంగా పొదుపు కోసం మూన్‌లైట్ ప్రాజెక్టు మొదలయ్యాయి. 1979లో ఇంధన పరిరక్షణ చట్టం, 1980లో పరిశోధన నిధులు నడిపే నెడో సంస్థ వచ్చాయి. వృథా వేడిని తిరిగి వాడటం, అధిక సామర్థ్య గ్యాస్ టర్బైన్లు, హీట్ పంపులు, ఇంధనాన్ని మండించకుండా రసాయన చర్యతో విద్యుత్తు తీసే ఫ్యూయల్ సెల్స్ మూన్‌లైట్ జాబితాలో ఉన్నాయి. అయస్కాంత క్షేత్రంలో వేడి వాయువును ప్రవహింపజేసి విద్యుత్తు తీసే ప్రయత్నం వ్యాపార స్థాయికి రాలేదు. ఫ్యూయల్ సెల్ పని మాత్రం మూడు దశాబ్దాల తర్వాత, 2009లో, ఇళ్లలో వాడే ఎనె-ఫార్మ్ యూనిట్లుగా అమ్మకానికి వచ్చింది. ప్రభుత్వాలు మారినా పద్దు మూతపడకపోవడం ఇక్కడ గమనించాల్సిన తేడా.

1998లో సవరించిన చట్టం తెచ్చిన టాప్ రన్నర్ పద్ధతి జపాన్ నమూనాకు గుండెకాయ. చాలా దేశాలు కనీస ప్రమాణం పెట్టి దానికంటే నాసిరకం వస్తువులను నిషేధిస్తాయి. జపాన్ ఆ సమయానికి మార్కెట్లో అన్నింటికంటే సమర్థమైన మోడల్‌ను తీసుకుని, కొన్నేళ్లలో ప్రతి కంపెనీ అమ్మే సరుకు సగటు ఆ స్థాయిని అందుకోవాలంటుంది. అందుకోలేని కంపెనీకి ముందు సలహా, తర్వాత పేరు బయటపెట్టడం. ఈ పద్ధతిలో ఏసీల సామర్థ్యం 1997, 2004ల మధ్య సుమారు 68 శాతం మెరుగుపడింది. రేపు లక్ష్యం ఎంత ఉంటుందో తెలిశాక కంపెనీలే సొంత డబ్బుతో పరిశోధన చేసుకుంటాయి. ప్రభుత్వం నష్టభయం ఎక్కువగా ఉన్న తొలి దశకు మాత్రం ఖర్చు పెడితే చాలు.

దీన్ని ఎక్కడైనా యథాతథంగా దించవచ్చా అన్నది సందేహమే. జపాన్‌లో తయారీదారులు తక్కువ, అందరికీ సొంత పరిశోధన విభాగాలున్నాయి, పరువుపోతుందన్న భయం పనిచేస్తుంది. విడిభాగాలు తెచ్చి బిగించే చిన్న కంపెనీలు వందల్లో ఉన్న చోట పేరు బయటపెట్టడం పెద్ద శిక్ష కాదు.

యూరప్, చైనా: రెండు వేర్వేరు క్రమశిక్షణలు

యూరోపియన్ యూనియన్ నిధుల్లో అసలు షరతు సహకారం. 2021 నుంచి 2027 వరకు నడిచే హొరైజన్ యూరప్ కార్యక్రమానికి సుమారు 9,550 కోట్ల యూరోలు కేటాయించారు, అందులో 35 శాతం వాతావరణ లక్ష్యాలకు ఉపయోగపడాలన్నారు. ఉమ్మడి ప్రాజెక్టుకు మామూలుగా కనీసం మూడు దేశాల సంస్థలు చేతులు కలపాలి. దీనివల్ల జ్ఞానం ఒక దేశంలో ఇరుక్కుపోదు. కాగితం పని మాత్రం విపరీతంగా పెరుగుతుంది, చిన్న సంస్థలు దరఖాస్తు దశలోనే అలసిపోతాయి. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలకు ప్రభుత్వం మూల నిధి కొంతే ఇస్తుంది, మిగతాది పరిశ్రమల కాంట్రాక్టుల నుంచి, పోటీ పడి తెచ్చుకునే ప్రాజెక్టుల నుంచి రావాలి. అందువల్ల పరిశోధకుడు మిల్లు గేటు దాటి లోపలికి వెళ్లక తప్పదు.

స్వీడన్ 1990లో చేసిన పని భారత్‌కు బాగా పరిచయమైనదిగా అనిపిస్తుంది. పెద్ద కొనుగోలుదారులను ఒక జట్టుగా చేర్చి, ఫలానా సామర్థ్యం ఉన్న ఫ్రిజ్ చేసి పెడితే ఇన్ని కొంటామని ప్రభుత్వ సంస్థ పోటీ పెట్టింది. ఎలక్ట్రోలక్స్ గెలిచింది. బ్రిటన్ మరో దారి పట్టింది. 2018లో అక్కడ ఏర్పడిన ఇంధన గిరాకీ పరిశోధన కేంద్రంలో ఇంజనీర్లతో పాటు సామాజిక శాస్త్రవేత్తలకూ పెద్ద పాత్ర దక్కింది. మనుషులు ఏసీ ఎందుకు వేస్తారు, ఎప్పుడు ఆపుతారు అన్నది కూడా పరిశోధనాంశమేనన్న గుర్తింపు ఇందులో ఉంది.

చైనాలో క్రమం తలకిందులు. 2006లో మొదలైన 11వ పంచవర్ష ప్రణాళిక, స్థూల దేశీయోత్పత్తిలో ప్రతి యూనిట్‌కు వాడే ఇంధనాన్ని అయిదేళ్లలో 20 శాతం తగ్గించాలంది. వెయ్యి అతిపెద్ద కర్మాగారాలకు విడిగా లక్ష్యాలు పంచింది. అధికారుల పదోన్నతులకు ఆ లక్ష్యాలను ముడిపెట్టింది. అధికారిక లెక్క ప్రకారం తగ్గుదల 19.1 శాతం. గడువు దగ్గరపడ్డాక కొన్ని చోట్ల కర్మాగారాలకు, ఇళ్లకు కరెంటు కోసి మరీ అంకెలు సరిచేశారు. అది పొదుపు కాదు. అయితే లక్ష్యం పుట్టించిన గిరాకీ మోటార్లు, బాయిలర్ల దేశీయ పరిశోధనను వేగంగా ముందుకు నెట్టింది.

భారత్: బల్బు చెప్పే కథ

2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌ఈడీ బల్బుల పంపిణీ మొదలైనప్పుడు తొలి జిల్లాల్లో గుంటూరు ఒకటి. ఇంటికి రెండు చొప్పున నామమాత్రపు ధరకు ఇచ్చారు. 2015 జనవరి 5న ఇది దేశవ్యాప్తమైంది, తర్వాత ఉజాలా అనే పేరు వచ్చింది. ప్రభుత్వ రంగ సంస్థల ఉమ్మడి కంపెనీ ఈఈఎస్‌ఎల్ కోట్ల సంఖ్యలో టెండరు పిలవడంతో 2014లో 310 రూపాయలున్న సేకరణ ధర 2016 నాటికి 38 రూపాయలకు పడిపోయింది. ఇప్పటివరకు ఈ పథకం కింద పంచిన బల్బులు 36 కోట్లకు పైనే. పెద్ద మొత్తంలో కొని ధరను కూల్చడంలో భారత్ సాధించిన దానికి సాటి వచ్చే ఉదాహరణలు ప్రపంచంలో తక్కువ.

ఆ బల్బు పుట్టుక మాత్రం వేరే చోట. తెల్ల కాంతికి కీలకమైన నీలి ఎల్‌ఈడీ మీద నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, హిరోషి అమానో ఏళ్ల తరబడి పనిచేశారు. దాన్ని వస్తువుగా మార్చేందుకు 1987 నుంచి జపాన్ ప్రభుత్వ పరిశోధన సంస్థ టొయోడా గోసెయ్ కంపెనీకి నిధులిచ్చింది. నిచియా కంపెనీలో షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ సాధించింది ప్రైవేటు డబ్బుతో, యజమాని ఓపికతో. ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. తర్వాత అమెరికా ఇంధన శాఖ 60 వాట్ల బల్బుకు బదులు వాడదగిన ఎల్‌ఈడీ కోసం కోటి డాలర్ల బహుమతి పెట్టింది. 2011లో ఫిలిప్స్ దాన్ని గెలుచుకుంది. అంటే మూలవిజ్ఞానం ఒక దేశానిది, నాణ్యత పరీక్ష మరో దేశానిది, ధర తగ్గింపు మనది. ఈ గొలుసులో చివరి కడియం మాత్రమే మన చేతిలో ఉందన్నది నిజం. అది చిన్న పనేమీ కాదన్నదీ అంతే నిజం.

దేశీయ పరిశోధన అసలు లేదనలేం. 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ సంస్థ కాలంలో ఇండియన్ ఆయిల్ పరిశోధన విభాగం రూపొందించిన నూతన్ వత్తుల స్టవ్ ఒక తరం తెలుగు వంటిళ్లకు బాగా తెలుసు. అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో అయిదు నగరాల్లో జరిగిన అధ్యయనం, భారతీయులు ఆఫీసుల్లో విదేశీ ప్రమాణాలు చెప్పేదానికంటే ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద కూడా సౌకర్యంగా ఉండగలరని 2014లో చూపింది. అది జాతీయ భవన నియమావళిలోకి చేరింది. 2020 జనవరి నుంచి ఏసీలు 24 డిగ్రీల వద్దే ఆన్ కావాలన్న నిబంధనకు, తర్వాతి ఉష్ణోగ్రత చర్చకు బలమిచ్చేది ఇలాంటి పనే. 2012 నుంచి అయిదేళ్లు నడిచిన భారత్-అమెరికా ఉమ్మడి భవన ఇంధన కేంద్రంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ భాగస్వామి. వేడిని తిప్పికొట్టే చల్లని పైకప్పుల మీద అక్కడ పెరిగిన నైపుణ్యం 2023 నాటి తెలంగాణ కూల్ రూఫ్ విధానానికి తోడ్పడింది.

లోటు మొత్తం పరిమాణంలో ఉంది. 2020-21 లెక్కల ప్రకారం అన్ని రంగాల పరిశోధనకు కలిపి భారత్ పెట్టింది జీడీపీలో 0.64 శాతం. అందులో పొదుపు పరిశోధన ఒక సన్నని పాయ. పరిశ్రమలకు లక్ష్యాలు పెట్టే పాట్ పథకం తొలి దశ 2012 నుంచి 2015 వరకు 478 భారీ వినియోగదారులతో నడిచింది. 66.9 లక్షల టన్నుల చమురుకు సమానమైన ఆదా లక్ష్యం కాగా, 86.7 లక్షల టన్నులు సాధించింది. లక్ష్యాన్ని ఇంత సులువుగా దాటారంటే అది కొత్త సాంకేతికతను కోరేంత కఠినంగా లేదనే విమర్శ సహేతుకమే. మార్కెట్లో ఉన్న పరికరం బిగిస్తే లక్ష్యం తీరిపోతున్నప్పుడు ఏ ప్లాంటూ ప్రయోగశాలను వెతుక్కుంటూ వెళ్లదు.

కృష్ణా తీరానికి ప్రత్యేకమైన ప్రశ్నలు

బల్బు ఎక్కడైనా బల్బే. నాగోయాలో వెలిగినట్టే నరసరావుపేటలోనూ వెలుగుతుంది. చల్లదనం, నీటి పంపింగ్, ఎండబెట్టడం అలా కాదు. వాటికి స్థానిక వాతావరణం, పంట, టారిఫ్ అన్నీ అడ్డుపడతాయి.

విజయవాడ వేసవి సంగతి చూద్దాం. ఎండ ఒక బాధ, ఉక్కపోత మరో బాధ. గది ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు అందులోని తేమనూ పిండాలి. స్టార్ రేటింగ్ లెక్క 24 నుంచి 43 డిగ్రీల వరకు బయటి ఉష్ణోగ్రతలను పరిగణనలోకి తీసుకుంటుంది, తేమ భారాన్ని మాత్రం విడిగా కొలవదు. 2018లో భారత ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం భాగస్వామిగా మొదలైన గ్లోబల్ కూలింగ్ ప్రైజ్ అనే ఏసీల పోటీ ఈ లోపాన్నే ఎత్తి చూపింది. ముంబయి దగ్గరి అపార్ట్‌మెంట్లలో, అసలైన ఉక్కపోతలో యంత్రాలను పరీక్షించారు. తుది ఎనిమిది జట్లలో భారతీయ సంస్థలూ ఉన్నాయి. 2021లో గెలిచినవి చైనాకు చెందిన గ్రీ జట్టు, జపాన్‌కు చెందిన డైకిన్ జట్టు. ప్రశ్న మనది, జవాబు వారిది. అయితే ప్రశ్నను సరిగా అడగడం కూడా పరిశోధనలో సగం పని, ఆ సగం ఇక్కడ జరిగింది.

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న శీతల గిడ్డంగులు ఇంకా ప్రత్యేకం. ధర కోసం ఎదురుచూసే టిక్కీలు (మిర్చి బస్తాలు) నెలల తరబడి అక్కడే ఉంటాయి. సరుకు రంగు, ఘాటు పోకుండా ఎంత చల్లదనం, ఎంత తేమ చాలు? తలుపులు తెరిచి మూసే వేళలు, రాత్రి చల్లదనం, పైకప్పు సౌర విద్యుత్తు కలిపి కంప్రెసర్‌ను ఎప్పుడు నడపాలి? ఆపిల్ కోసం, బంగాళాదుంప కోసం ఇలాంటి లెక్కలు విదేశాల్లో విస్తారంగా ఉన్నాయి. ఎండుమిర్చిని ఇంత పెద్ద ఎత్తున నిల్వచేసే దేశం మరొకటి లేనప్పుడు దాని లెక్క మరొకరు వేసి పెట్టరు.

వ్యవసాయ మోటార్లది వేరే చిక్కు. 2004లో ఉచిత విద్యుత్తు మొదలయ్యాక కెపాసిటర్, ఐఎస్‌ఐ మార్కు మోటారు, రాపిడి తక్కువగా ఉండే ఫుట్‌వాల్వ్, నాణ్యమైన పైపు ఉండాలని షరతులు పెట్టారు. అమలు అంతంతమాత్రమే. కారణం రైతు అశ్రద్ధ కాదు. మెరుగైన మోటారు వల్ల మిగిలేది విద్యుత్ పంపిణీ సంస్థ అయిన డిస్కంకు, సబ్సిడీ భరించే ప్రభుత్వానికి. డబ్బు పెట్టాల్సింది రైతు. పైగా వోల్టేజి హెచ్చుతగ్గులను తట్టుకుని, ఊళ్లోనే రీవైండింగ్ చేయించుకోగలిగే మోటారు రైతుకు కావాలి. ప్రయోగశాలలో అధిక సామర్థ్యం చూపి, ఊళ్లో రెండుసార్లు కాలిపోయే మోటారు కాగితం మీదే పొదుపు.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ పొగాకు. టొబాకో బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. 1947లో రాజమండ్రిలో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, ఆకు కాల్చే బ్యారన్లలో కట్టెల ఖర్చు తగ్గించడానికి పైకప్పు నుంచి వేడి పోకుండా ఆపడం వంటి పద్ధతులపై పనిచేసింది. అక్కడ కట్టెల బిల్లు రైతే కడతాడు, కాబట్టి ఒక బ్యారన్‌లో కట్టె మిగిలితే పక్క బ్యారన్ యజమాని తానే వచ్చి అడుగుతాడు. పరిశోధన నాణ్యత కంటే బిల్లు ఎవరు కడుతున్నారన్నదే దాని విస్తరణను నిర్ణయిస్తుందని ఈ రెండు ఉదాహరణలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

కొత్త నిధులు ఎటు ప్రవహించవచ్చు

2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ గ్రాంట్లు, అంటే తిరిగి కట్టనక్కర్లేని నిధులు, ఇస్తుంది. 2025లో ఆమోదం పొందిన లక్ష కోట్ల నిధి దాదాపు పూర్తిగా వేరే స్వభావం కలది. ప్రయోగశాల దశ దాటిన సాంకేతికతకు తక్కువ వడ్డీకి లేదా వడ్డీ లేకుండా దీర్ఘకాలిక అప్పు, కొన్ని సందర్భాల్లో వాటా పెట్టుబడి. ఇంధన భద్రత, ఇంధన మార్పిడి దాని ప్రాధాన్య రంగాల్లో ఉన్నాయి.

అప్పు తీర్చగలిగే వస్తువుకు ఇది బాగా కలిసిరావచ్చు. మామూలు సీలింగ్ ఫ్యాను 70 నుంచి 80 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారు ఫ్యాను 30 వాట్ల అటూ ఇటూ తీసుకుంటుంది. ఐఐటీ బాంబే పూర్వ విద్యార్థులు స్థాపించిన సంస్థ ఈ మార్కెట్‌ను తెరిచింది, 2023 జనవరి నుంచి ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి కావడం దానికి ఊతమిచ్చింది. ఇదే బాటలో చిన్న కంప్రెసర్లు, తేమను విడిగా పిండే ఏసీలు, కూలర్ల మోటార్లు దేశంలోనే తయారయ్యే అవకాశం ఉంది. స్టార్ రేటింగ్‌ను ఎప్పుడెప్పుడు ఎంత బిగిస్తారో ముందే ప్రకటిస్తే కంపెనీలు ధైర్యంగా అప్పు తీసుకుంటాయి. జపాన్ అనుభవం ఆ వైపే చూపుతోంది.

అమెరికా ప్రతిపాదించిన కోతల ప్రభావం మరో దిశ నుంచి రావచ్చు. ఉమ్మడి కేంద్రాల నమూనాలో ప్రభుత్వాల ఖర్చులో సగం అటువైపుదే. అది తగ్గితే భవనాల పరిశోధనలో భారతీయ విశ్వవిద్యాలయాలు యూరప్ వైపు చూడటమో, సొంత నిధుల కోసం ఫౌండేషన్‌ను ఆశ్రయించడమో చేయాలి.

ఎండుమిర్చి గిడ్డంగి, బోరు మోటారు మాత్రం అప్పు నమూనాలో ఒదగవు. గిడ్డంగిని ఎలా నడపాలన్న జ్ఞానానికి పేటెంటు రాదు, ఒకరు నేర్చుకుంటే జిల్లా అంతా వాడుకుంటుంది. మోటారులో మిగిలిన యూనిట్‌కు రైతు దగ్గర ధర లేదు. అలాంటి పనికి ఏ కంపెనీ అప్పు తీసుకోదు. దానికి దరఖాస్తు చేయాల్సింది ఈ ప్రాంతపు విశ్వవిద్యాలయాలు, రోజువారీ లోడు లెక్కలు చేతిలో ఉన్న డిస్కం. అడగాల్సింది గ్రాంటు.